వరసలో చివరి ఇల్లు

కిరసనాయిలు వాసన మొదట పసిగట్టింది మా అమ్మాయి సుభద్ర. పురిటికి వచ్చి, కొడుకును కని, పురిటి గదిలో పడుకుని ఉంది. గుమ్మం బయట నిలబడి ఏం కావాలని అడిగాను.

"ఏటీ ఒద్దయ్యా. గోడవతల నుంచి ఏటో కంపొస్తంది. తల తిరిగిపోతంది" అంది.

పురుడు తీరేదాకా మగవాడు ఆ గడప దాటకూడదు. బయటి నుంచే గాలి పీల్చి చూశాను. కిరసనాయిలే. సుభద్ర మంచం పక్కన కుంపటి ఉంది. నిప్పుల మీద వాము, సాంబ్రాణి వేసి ఉన్నాయి. ఆ పొగ పైకి లేచి, గోడ మీదుగా పక్కనున్న కూర్మయ్య ఇంట్లోకి పోతోంది. కూర్మయ్య ఇంట్లోని కిరసనాయిలు వాసన అదే దారిన మా ఇంట్లోకి వస్తోంది.

సుమ్మాదేవి స్టేషనుకు తూర్పున, కొబ్బరి తోటల మధ్య మా ఊరు. మా ఇంటిపేరు వాళ్లవి తొమ్మిది ఇళ్లు, ఒకే వరస. ముత్తాత ఒక ఇల్లు కట్టాడు. కొడుకులు వేరుపడినప్పుడల్లా దాని గోడకు ఆనించి మరొకటి కట్టుకుంటూ పోయారు. గుమ్మాలు వేరు, పొయ్యిలు వేరు, తగువులు వేరు. కప్పు మాత్రం ఒకటే. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకే కొప్పు, తాటాకు మీద గడ్డి. మధ్య గోడలు మనిషెత్తు లేచి ఆగిపోతాయి. వాటిపైన అంతా ఖాళీ. ఒక ఇంట్లో ఎండుచేప కాలిస్తే తొమ్మిది ఇళ్లకూ తెలుస్తుంది. దీన్నే మావాళ్లు అన్నదమ్ముల కట్టు అని చెప్పుకుంటారు. పడమటి చివరి ఇల్లు నాది.

నడిమి ఇల్లు బంగారయ్యది. మా పెదనాన్న కొడుకు. పలాసలో రైలు నుంచి కిరసనాయిలు డబ్బాలు దింపించి, బళ్ల మీద తెచ్చి, భావనపాడు దాకా సముద్రపు ఊళ్లన్నిటికీ అమ్ముతాడు. జర్మనీ యుద్ధం మొదలయ్యాక ధర పెరుగుతుందని పసిగట్టాడు. దొరికినంతా కొని ఉంచాడు. కానీ సర్కారు చట్టం ఒకటి ఉంది. ఒక ఇంట్లో ఇంతకంటే ఎక్కువ నూనె ఉంచితే లైసెన్సు కావాలి. లైసెన్సు కావాలంటే పెంకు కప్పిన గోదాము కావాలి, చుట్టూ ఖాళీ జాగా కావాలి. బంగారయ్యకు అదంతా దండగ అనిపించింది. సరుకును అన్నదమ్ముల ఇళ్లకు పంచాడు. ఒక్కో ఇంట్లో చట్టం ఒప్పుకున్నంత. అందుకు ప్రతిఫలంగా ఆ ఇంటి దీపానికి నూనె ఊరికే.

ఎనిమిది ఇళ్ల వాళ్లూ ఒప్పుకున్నారు. నేను ఒప్పుకోలేదు. అగ్గికి భయపడి కాదు, అప్పటికి ఆ ఆలోచనే లేదు. బంగారయ్య చేతి నుంచి ఏదీ నాకు వద్దు. నా భార్య బొడ్డమ్మ కలరాతో పోయిన నాడు, మోయడానికి ఒక భుజం ఇమ్మని వాడి తలుపు కొట్టాను. లోపల దగ్గు వినబడింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు. ఆమెను దహనం చేసి వచ్చాక సర్కారు మనుషులు వచ్చి బావిలో ఎర్రమందు పోసి వెళ్లారు. అప్పటి నుంచి నాకు బంగారయ్యా తెలుసు, సర్కారూ తెలుసు.

కూర్మయ్య దగ్గరికి వెళ్లాను. వరసకు నాకు తమ్ముడు. మా పురిటి గది గోడకు అవతలే, వాడి ఇంట్లో డబ్బాలు నడుమెత్తు పేర్చి ఉన్నాయి. సముద్రపు గాలికి రేకు తుప్పు పట్టి అడుగు డబ్బాలు చెమ్మగిల్లుతున్నాయి. మట్టినేల నల్లగా తడిసింది. వాడు ఆ డబ్బాలకే వీపు ఆనించి అడ్డపొగ తాగుతున్నాడు. చుట్ట నిప్పు వైపు నోట్లో ఉంది.

బుద్ధి ఉందా అని అడిగాను. చుట్ట తియ్యకుండానే నవ్వాడు.

"నిప్పు నా నోట్లో ఉందన్నా. నోరు మూసుకున్నానంటే, అంతకంటే గట్టి గోదాం ఉంటాదేటి?"

డబ్బాలు తీయించమన్నాను. సరుకు బంగారన్నది, ఇల్లు తనది, మధ్యలో నేనెవరినని అడిగాడు. దీపం నూనె ఊరికే వస్తుంటే ఎవరికి చేదు, నువ్వూ పెట్టుకోవలసింది అని సలహా కూడా చెప్పాడు.

బంగారయ్య దగ్గరికి వెళ్లాను. ఆ గుమ్మం తొక్కకూడదనుకున్న మనిషిని. పిల్ల కోసం తొక్కాను. పురిటి గది అవతలి డబ్బాలు మాత్రం, పురుడు తీరేదాకా, మరో ఇంటికి మార్చమని అడిగాను. మరో ఇంటికి మారిస్తే అక్కడ చట్టం లెక్క దాటిపోతుందని చెప్పాడు. తాను చట్టం తప్పే మనిషి కాడన్నాడు. తర్వాత నన్ను సముదాయిస్తున్నట్టు ఇలా అన్నాడు:

"ఒరే పెంటా, నూనె దానంతటది అంటుకోదురా. నిప్పు ఎవులింట్లో ఉంది? నీ ఇంట్లో. కుంపటి తీసీ. భయం పోద్ది."

కుంపటి సంగతి నా చేతిలో లేదు. పురుడు పోసింది మా మేనత్త, పేరు పెద్దతల్లి. ఊళ్లో సగం మంది ఆమె చేతుల్లో పుట్టినవాళ్లే. ఆమె మాట దాటి పురిటి గదిలో పుల్ల కూడా కదలదు. కుంపటి పెరట్లో పెడదామని అడిగాను.

"పచ్చి బాలింత కాడ నిప్పు తీసీమంటావేటిరా? సన్నిపాతం కొడితే ఎవులు మోత్తారు? ఒకర్తిని మోసినావు, సాలదేటి నీకు?" అంది.

నిప్పు ఉంటే ఒక భయం, తీసేస్తే ఇంకొక భయం. పిల్లను వేరే ఇంటికి మార్చుదామంటే పురుడు తీరని మనిషిని ఎవరూ గడప దాటనివ్వరు. సుభద్ర అత్తవారి ఊరు టెక్కలి అవతల. శుద్ధి కాకుండా వాళ్లూ రానివ్వరు. వేసవి. మధ్యాహ్నం అయ్యేసరికి పడమటి గాలి లేచి, గడ్డికప్పు గలగలమంటోంది.

మునసబు రామూర్తి దగ్గరికి వెళ్లాను. బంగారయ్య ఇచ్చిన దీపం వెలుగులో కూర్చుని, ఇది తన చేతిలో పని కాదని చెప్పాడు. టెక్కలి వెళ్లమన్నాడు. సుమ్మాదేవిలో రైలెక్కి, నౌపడలో దిగి, చిన్న రైలు పట్టుకుని వెళ్లాను. కచేరీ అరుగు మీద పొద్దెక్కేదాకా కూర్చున్నాను. గుమస్తా పిలిచాడు. నేను చెప్పిందంతా విన్నాడు.

"అంటుకుందా?" అని అడిగాడు.

లేదన్నాను.

"మరెందుకొచ్చావు?"

అంటుకున్నాక వస్తే ఏం చేస్తారని అడిగాను. పంచనామా చేస్తామన్నాడు. ఎగతాళికి అన్న మాట కాదు. ఉన్నమాటే చెప్పాడు. లైసెన్సుల సంగతి కలెక్టరు గారిదనీ, కలెక్టరు గారు ఛత్రపురంలో ఉంటారనీ, అర్జీ ఇక్కడి నుంచి అక్కడికి వెళ్లి, అక్కడి నుంచి విచారణకు ఇక్కడికే వస్తుందనీ చెప్పాడు. ఎంతకాలం పడుతుందని అడిగాను. పిల్లాడికి బారసాల అయిపోతుందిలే అన్నాడు. అక్కడే ఉన్న ఇంకొకడు నవ్వాడు.

నేను అరుగు దిగలేదు. దిగమన్నా దిగలేదు. చివరికి రెవిన్యూ ఇనస్పెక్టరు గణపతిరావు నన్ను చూసి విసుక్కుని, తోటల శిస్తు పని మీద ఎలాగూ మావైపు వస్తున్నానని, దారిలో చూసిపోతానని చెప్పాడు. దానికే నేను దండం పెట్టాను. ఆ దండం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అన్నమాట ప్రకారం మర్నాడు వచ్చాడు. బంగారయ్య ఇంటి ముందు కుర్చీ వేశారు. కొబ్బరిబొండాం కొట్టి ఇచ్చారు. ఆయన తాగి, లేచి, ఒక్కో గుమ్మంలోకి వెళ్లి డబ్బాలు లెక్కపెట్టాడు. బద్ధకించలేదు. వంగి మూలలు కూడా చూశాడు. కూర్మయ్య ఇంట్లో చెమ్మగిల్లుతున్న డబ్బాలు చూసి, కారే చోట సబ్బు రాయమన్నాడు. నోట్లో చుట్ట పారేయమన్నాడు. కూర్మయ్య పారేశాడు. ఆయన ఆ గుమ్మం దాటగానే మళ్లీ వెలిగించాడు.

లెక్క అయ్యాక ఏ ఇంట్లోనూ మితి దాటలేదని చెప్పాడు. బంగారయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వరసలోని వాళ్లంతా నా వంక చూస్తున్నారు.

"బాబూ, ఒక్కపాలి పైకి సూడండి" అన్నాను.

చూశాడు. "కప్పు."

"ఎన్ని కప్పులు?"

"చూడు పెంటయ్యా, చట్టంలో కప్పు లేదు. ఇల్లు ఉంది. ఇంటికి గుమ్మం, గుమ్మానికి ఒక యజమాని. ఇక్కడ తొమ్మిది గుమ్మాలున్నాయి. తొమ్మిది ఇళ్లు."

"మంట గుమ్మాలు లెక్కెడతాదేటి బాబూ?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆయనకు కోపం వచ్చింది. చట్టం రాసినవాళ్లు మా ఊరు వచ్చి మా కొప్పు చూసి రాయలేదని అన్నాడు. అది నిజమే. రాసిన దాన్ని తాను తిరగరాయలేనని అన్నాడు. అదీ నిజమే. అన్నీ నిజాలే. డబ్బాలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

బండెక్కుతూ నన్ను దగ్గరకు పిలిచాడు. "నీది చివరి ఇల్లు కదా. అంత భయమైతే మధ్యలో జాగా వదులుకో. గోదాముకైనా రూలు అడిగేది అదే, ఖాళీ జాగా" అన్నాడు. బండి కదిలింది.

ఆయన ఊరికే అన్నాడు. నేను ఊరికే వినలేదు.

కూర్మయ్య గోడకు తగిలి ఉన్నది పురిటి గదే. ఆ గది లేకపోతే మధ్యలో గది వెడల్పు ఖాళీ వస్తుంది. కానీ గది తీసేయాలంటే ముందు పిల్లను అందులోంచి మార్చాలి. మాకు ఇంకొక గదే ఉంది. అందులో తూర్పు మూల బొడ్డమ్మ ఉంది. ముత్తైదువుగా పోయిన ఆడదాన్ని మా ఇళ్లల్లో పేరంటాలుగా నిలుపుతారు. పీట మీద పసుపు రాసిన కుండ, దానికి ఎర్ర రవికెగుడ్డ. ఏటేటా దానికే చీర, దానికే నైవేద్యం. అలాంటి గదిలోకి పురిటి మైల రాకూడదు.

కుండను రెండు చేతులా ఎత్తి పెరట్లోకి తెచ్చి కొబ్బరిచెట్టు మొదట్లో పెట్టాను. ఆ తర్వాత పురిటి గదికి వెళ్లి గడప దాటాను. పెద్దతల్లి నోరు తెరిచింది, మూయలేదు. కుంపటి ఎత్తుకున్నాను. సుభద్రను లేవమన్నాను.

"ఏ గదిలోకయ్యా?"

"అవతల గదిలోకి."

"అమ్మ ఉన్నాది కదా."

"బైట పెట్టేను."

సుభద్ర నా ముఖం చూసింది. పిల్లవాణ్ని గుండెకు అదుముకుని లేచి నడిచింది. గది మూలలో ఖాళీగా ఉన్న పీట చూసి, దానివైపు వీపు పెట్టి పడుకుంది.

పెద్దతల్లి బయటికి వెళ్లి వీధిలో నిలబడి చెప్పవలసినదంతా చెప్పింది. పేరంటాల్ని ఇంట్లోంచి గెంటిన మొగుణ్ని తన కాలంలో చూడలేదంది. మా గడప ఇక తొక్కనంది. తొక్కలేదు కూడా.

నేను గొడ్డలి పట్టుకుని పైకి ఎక్కాను. ముందు గడ్డి లాగేశాను, తర్వాత తాటాకు. వాసాల కట్లు కోశాను. కొప్పు దగ్గరికి వచ్చేసరికి వరసలోని వాళ్లంతా కింద చేరారు. మా వరసలో కొప్పు కోయడం అంతకుముందు ఒక్కసారే జరిగింది. అటు తూర్పు చివర, సంతానం లేక ఒక శాఖ తెగిపోయినప్పుడు. కొప్పు కోశారంటే ఆ ఇంటికి ఇక మనుషులు లేరని లెక్క.

బంగారయ్య ముందుకు వచ్చాడు. అరవలేదు. అందరికీ వినబడేలా, నెమ్మదిగా అన్నాడు.

"కొడుకు లేనోడివి. నీతోటి తెగిపోద్దని ఊరంతటికీ సాటుకుంటన్నావేటిరా పెంటా?"

"ఎలాగూ నాతోటే తెగుతాది. పిల్ల కాలకుండా తెగనీ" అన్నాను.

గొడ్డలి వేశాను. ముత్తాత వేసిన తాటిదూలం. ఎండి ఇనుములా ఉంది. నాకు చాలాసేపు పట్టింది. ఆపడానికి ఎవడూ పైకి రాలేదు, సాయానికీ రాలేదు. పడినప్పుడు దుమ్ము లేచింది, కూర్మయ్య పెళ్లాం ఏడ్చింది. మర్నాడు ఆ గది గోడలు కూడా తోసేశాను. నా ఇంటికీ వాళ్ల ఇళ్లకూ మధ్య ఆకాశం కనబడింది.

ఆ తర్వాతి రోజుల్లో ఎవరూ మా గుమ్మం వైపు రాలేదు. చాకలి కన్నమ్మ ఒక్కతే వచ్చి పిల్లవాడికి నీళ్లు పోసి వెళ్లేది. బాలింత కారం నేనే నూరాను. సరిగా నూరలేదేమో, సుభద్ర మింగలేక మింగేది. బాగుందా అని నేను అడగలేదు. బాగాలేదని తను అనలేదు. రాత్రింబవళ్లు కుంపటి వెలిగే ఉంది. గోడవతల వాసన లేదు. నాకు కావలసింది అంతే. శుద్ధి అయ్యాక అల్లుడు సన్యాసిరావు బండి తెచ్చి తల్లినీ పిల్లవాణ్నీ తీసుకుపోయాడు. బండి దాకా వెళ్లాను. మనవడు నా వేలు పట్టుకున్నాడు. సుభద్ర విడిపించింది.

నూనె అంటుకోలేదు. ఆ వేసవి అంతా ఒక్క డబ్బా కూడా అంటుకోలేదు. సంతకు వెళితే ఎవరో ఒకరు మీ ఊళ్లో మంట ఆరిందా పెంటయ్యా అని అడిగేవాళ్లు. అంటుకోకపోతే నేను పిచ్చివాణ్ని, అంటుకుంటే వాళ్లు బూడిద. నా మాట నిజమని ఒప్పుకోవడానికి వాళ్లకు వేరే దారి లేదు.

వానలు పడకముందే, ఈసారి కూర్మయ్య గోడకు ఆనకుండా ఎడంగా పునాది కట్టి గది మళ్లీ లేపుదామని తాటాకు కొట్టించాను. గోడ మోకాలెత్తు వచ్చింది. అప్పుడు రామూర్తి వచ్చి ఆపమన్నాడు.

సంగతి ఇది. బంగారయ్య కూర్మయ్య ఇల్లు కొన్నాడు. ఆ ఇంటికి తూర్పు వైపు కొప్పు కూడా, రూలుకు చాలినంత, తనే కోయించాడు. నేను కోసినప్పుడు వంశం, శాస్త్రం అన్నవాళ్లే ఈసారి తాళ్లు పట్టి లాగారు. పెంకు వేయించి, అది గోదాము అని లైసెన్సుకు పెట్టుకున్నాడు. గణపతిరావు గొలుసు తెచ్చి కొలిచాడు. పడమటి వైపు ఖాళీ జాగా రూలుకు సరిపోయిందని తేల్చాడు. ఆ ఖాళీ నాది. నా గది. నా గొడ్డలి.

ఇక ఆ జాగాలో గడ్డికప్పు లేవకూడదని హుకుం. గోదాముకు ప్రమాదమట. కట్టుకోవాలంటే పెంకుతో కట్టుకోమన్నారు. పెంకు వేయించే స్తోమతు నాకు లేదని బంగారయ్యకు తెలుసు, రామూర్తికీ తెలుసు. ఇన్ని ఇళ్లల్లో విడివిడిగా ఉన్న డబ్బాలన్నీ ఇప్పుడు ఒకే చోట, కప్పు దాకా ఉన్నాయి. పలాస నుంచి ఇంకా వస్తున్నాయి. నేను టెక్కలి వెళ్లి నా ఇంటి గోడకు ఎదురుగా ఇంత నూనె ఉందని చెప్పాను. అదే గుమస్తా. ఈసారి నవ్వలేదు, గౌరవంగానే చెప్పాడు. అది చట్టప్రకారం ఉన్న గోదాము కాబట్టి దాని మీద అర్జీ తీసుకోవడానికి వీల్లేదన్నాడు.

తరువాతి ఏడు సుభద్రకు మళ్లీ నెలలు నిండుతున్నాయని తెలిసింది. పురిటికి ఏ రోజున పంపాలో మాట్లాడడానికి సన్యాసిరావు వచ్చాడు. వద్దన్నాను. ఈసారి మీ ఇంట్లోనే కానివ్వండన్నాను. అతను మంచి మనిషే. ముఖం ఎర్రబడినా నెమ్మదిగానే మాట్లాడాడు.

"మా ఊళ్లో నాను తల ఎత్తుకోవాల కదా మావా. కన్నోళ్లింటికి పురిటికి పంపనేదని అడిగితే ఏటి సెప్పాల?"

అతన్ని పెరట్లోకి తీసుకెళ్లి చూపించాను. ఇటు నా ఒంటి గది, గడ్డికప్పు. అటు గోదాము, పెంకులు, ఇనుపతలుపు, తలుపు మీద సర్కారు రేకు. మధ్యలో మోకాలెత్తు గోడ, అందులో మొలిచిన పల్లేరు.

మోకాలెత్తు గోడ దాకా వెళ్లి ఆ రేకు చూశాడు.

"లైసెన్సున్నాది కదా మావా" అన్నాడు.

ఉంది అన్నాను.

"మరింక భయమేటి?"

నేను మంచినీళ్లు తెచ్చి ఇచ్చాను. అతను తాగలేదు. ఎడ్లను కట్టుకుని, ఎండ పూర్తిగా తగ్గకుండానే వెళ్లిపోయాడు. ఆ కాన్పు అక్కడే అయింది. ఆడపిల్ల అని నౌపడ సంతలో ఎవరో చెబితే తెలిసింది. సుభద్ర నుంచి కబురు రాలేదు.